గొంతులో తంబురా: తువా వాళ్ళ గురించి ఒక ఆదివారం మాట్లాడిన మాటలు

(రాజమండ్రిలో మా పేట లైబ్రరీ హాల్లో మాట్లాడింది ఇది. ఫోన్లో రికార్డు చేసి, విని టైప్ చేశాం. మాటలు పెద్దగా దిద్దలేదు.)

అందరికీ నమస్కారమండి. వెనక వాళ్ళకి వినపడుతోందా? ఆ, సరే. ముందే ఒక మాట చెప్పేస్తాను, చివర్లో ఎవరైనా అడిగితే బిక్కమొహం వెయ్యాల్సొస్తుంది, సైబీరియాలో తువా అనే చోటుకి నేను వెళ్ళలేదండి. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషిని. నా పాస్‌పోర్టులో ఒకే ఒక్క ముద్రుంది, అది మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పటిది. మరి వెళ్ళనివాడివి ఏం మాట్లాడతావయ్యా అంటే, పుస్తకాలు చదివాను, వాళ్ళ పాటలు ఏళ్ళ తరబడి విన్నాను, ఇంకోటేంటంటే తువా గురించి ప్రపంచమంతా చెప్పి తను మాత్రం వెళ్ళలేకపోయిన పెద్దమనిషి ఒకాయనున్నాడు, ఆయన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నాను. ఆయన సంగతి వస్తుంది.

నాకు తువా మొదట స్టాంపుగా తెలుసు. చిన్నప్పుడు మా మావయ్య రైల్వేలో చేసేవాడు, ఎక్కడెక్కడివో స్టాంపులు తెచ్చిచ్చేవాడు, వాటిలో ఒకటి మూడు మూలలది. అన్ని దేశాల స్టాంపులూ బుద్ధిగా నాలుగు పలకలుగా ఉంటే ఇదొక్కటీ సమోసాలాగా ఉంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో టౌవా అని రాసుంది. మా స్కూలు అట్లాసు మొత్తం వెతికాను, అలాంటి దేశం లేదు. మా సోషల్ మాస్టారిని అడిగితే ఆఫ్రికాలో ఎక్కడో ఉంటుందిరా అన్నారు, పాపం ఆయనకీ తెలీదు, తెలీదని చెప్పడం ఆ రోజుల్లో మాస్టార్లకి అలవాటు లేదు. (నవ్వులు)

ఆ దేశం నిజంగానే ఉండేదండి, 1921 నుంచి 1944 దాకా, ఇరవైమూడేళ్ళు. తన్ను తువా అనేవాళ్ళు. అంతకు ముందు చైనా మంచూ చక్రవర్తుల కింద ఉండేది, 1914లో రష్యా జారు తన రక్షణలోకి తీసుకున్నాడు, విప్లవం తర్వాత పేరుకి స్వతంత్ర దేశమైంది, 1944లో సోవియట్ యూనియన్లో కలిసిపోయింది, ఇప్పుడు రష్యాలో ఒక రిపబ్లిక్. స్టాంపులు 1926లో మొదలుపెట్టారు, మొదటి స్టాంపు మీద ఏముందో తెలుసా, ధర్మచక్రం! తర్వాత 1930ల్లో ముక్కోణాలు, డైమండు ఆకారాలు, వాటి మీద గుర్రాలు, ఒంటెలు, కుస్తీ వీరులు. చాలామటుకు మాస్కోలో అచ్చేసి లోకంలో స్టాంపులు పోగేసేవాళ్ళకి అమ్ముకోడానికే అనుకోండి. ఒకదాని మీదైతే ఒంటే రైలూ పోటీగా పరిగెత్తుతుంటాయి. ఆ దేశంలో అప్పుడు రైలు లేదు. ఇప్పటికీ లేదు!

ఎక్కడుందీ అంటే సైబీరియాకి దక్షిణం చివర, మంగోలియాకి నెత్తి మీద. చుట్టూ కొండలు, ఉత్తరాన సయాన్ కొండలు, దక్షిణాన తన్ను ఓలా కొండలు, మధ్యలో గడ్డి మైదానం, గిన్నెలాగా ఉంటుందన్నమాట. చలికాలం మైనస్ నలభై కిందకి పోతుంది, ఎండాకాలం ముప్పై అయిదు దాకా వస్తుంది. విస్తీర్ణం 1 లక్ష 68 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం పెద్దదే. జనం ఎంతమంది? 3 లక్షల 36 వేలు. దాదాపు మన రాజమండ్రి ఊరు. మొత్తం రాష్ట్రంలో రాజమండ్రి జనాన్ని మాత్రం ఉంచి మిగతావాళ్ళందర్నీ పంపించేస్తే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. ఈ నిశ్శబ్దం మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

రాజధాని కిజిల్. కిజిల్ అంటే వాళ్ళ భాషలో ఎరుపు. తువా భాష తుర్కీ కుటుంబంది, అంటే టర్కీ భాషకి దూరపు చుట్టం. ఆ కిజిల్ పేరు ఇంగ్లీషులో రాస్తే అ, ఇ, ఉ లాంటి అచ్చు అక్షరం ఒక్కటీ ఉండదు, మొత్తం హల్లులే. ఇందాక చెప్పిన పెద్దమనిషి ఈ పేరు చూసే పడిపోయాడు. రిచర్డ్ ఫైన్‌మన్, నోబెల్ ప్రైజు వచ్చిన ఫిజిక్సు ఆయన. 1977లో ఒకరాత్రి భోజనాల దగ్గర, తన్ను తువా ఏమైపోయిందిరా అని స్నేహితుడు రాల్ఫ్ లేటన్ని అడిగాడు, ఫైన్‌మన్ కూడా చిన్నప్పుడు స్టాంపులు పోగేసినవాడే. మ్యాపు తీసి రాజధాని పేరు చూసి, ఇలాంటి స్పెల్లింగున్న ఊరు తప్పకుండా చూడాల్సిందే అనుకున్నారు. అంతే, ఇంకో కారణం లేదు. అప్పటి సోవియట్ వాళ్ళు అమెరికన్ సైంటిస్టుని అంత తేలిగ్గా రానిస్తారా? డిక్షనరీలూ ఫ్రేజుబుక్కులూ ముందేసుకుని తువా భాషలో ఉత్తరాలు రాశారు, పదేళ్ళు తిరిగారు. చివరికి పర్మిషన్ కాయితం వచ్చింది, 1988 ఫిబ్రవరి 15న ఫైన్‌మన్ పోయాక వచ్చింది. నేను క్లాసులో ఆయన డయాగ్రాముల పేరు చెప్పినప్పుడల్లా ఈ కథ కూడా చెప్పేవాణ్ణి, పిల్లలకి డయాగ్రాములు మర్చిపోయినా ఇది గుర్తుండేది.

కిజిల్ దగ్గర ఒక చిత్రముందండి, మనం గోదారి వాళ్ళం కాబట్టి మనకి బాగా ఎక్కుతుంది. బీ-ఖెం అని ఒక నది, కా-ఖెం అని ఇంకో నది, రెండూ వచ్చి కిజిల్ దగ్గర కలుస్తాయి. కలిశాక దాని పేరు ఉలుగ్-ఖెం, పెద్ద నది. అదే యెనిసేయ్, అక్కణ్ణుంచి ఉత్తరంగా వేల కిలోమీటర్లు పోయి ఆర్కిటిక్ సముద్రంలో కలుస్తుంది. మనకేమో ధవళేశ్వరం దాటాక ఒక్క గోదారి గౌతమి, వశిష్ఠ అని రెండవుతుంది, వాళ్ళకి రెండు వచ్చి ఒకటవుతాయి. ఆ ఒడ్డు మీద ఆసియా ఖండానికి నట్టనడుమ ఇదీ అని స్తంభం కట్టుకున్నారు. లెక్క నిజమా కాదా అని వేరేవాళ్ళు వాదిస్తారు, మనకెందుకు, ఇంత పెద్ద ఖండంలో ఎక్కడో ఒకచోట ఉండాలిగా నడుమనేది.

సరే, ఇప్పుడు అసలు సంగతి. మీలో కచేరీలకి వెళ్ళేవాళ్ళు ఉన్నారు కదా, ముందు వరసలో పంతులమ్మగారు ఉన్నారు, నేను తప్పు చెబితే ఆపండమ్మా. తంబురా బాగా శ్రుతి చేసి, జీవాళి దారం సరిగ్గా పెట్టి, కళ్ళు మూసుకుని వింటే ఏం వినపడుతుంది? స, ప మాత్రమే మీటుతున్నాం, కానీ గాంధారం వినపడుతుంది. అంతర గాంధారం. ఎవరూ మీటలేదు, దానంతటది వచ్చింది, అందుకే స్వయంభూ గాంధారం అంటారు. అవునామ్మా? (అవునన్నారు.) ఫిజిక్సులో ఇది చిన్న విషయం, ఏ తీగైనా మోగితే ఒక్క స్వరం మోగదు, దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, అయిదింతలు అన్నీ లోపల సన్నగా మోగుతుంటాయి. అయిదోది గాంధారం. మనిషి గొంతులో కూడా అవన్నీ ఉంటాయి, కానీ గుంపులో కలిసిపోయి ఉంటాయి, మనకి విడిగా తెలీదు.

తువా వాడు ఏం చేస్తాడంటే, గొంతు బిగించి ఒక్క స్వరం పట్టుకుంటాడు, శ్రుతిలాగా, కదపడు. నాలుకతోటి, పెదాలతోటి నోరు లోపలి ఖాళీని మారుస్తూ ఆ గుంపులోంచి ఒక్కొక్క స్వరాన్నీ వేలుపెట్టి లాగినట్టు పైకి తీస్తాడు. కింద శ్రుతి అలాగే ఉంటుంది, పైన పిల్లనగ్రోవి ఊదినట్టు పాట వినపడుతుంది. ఇద్దరు కాదు, మనిషి ఒక్కడే. తంబురా మింగేశాడా అనిపిస్తుంది మొదటిసారి వింటే.

నమ్మకపోతే ఇప్పుడే చూడండి. అందరూ నెమ్మదిగా ఊ... అనండి. ఊపిరాపకుండా అలాగే మెల్లగా ఈ... లోకి రండి. ఊ...యూ...ఈ... (హాలంతా ఊ అన్నారు, నవ్వులు) మధ్యలో సన్నగా ఒక ఈల జారినట్టుందా లేదా? మూలనున్న బాబుకి వచ్చింది, చూడండి, చెవులు పట్టుకున్నాడు. అంతేనండి కిటుకు. అక్కణ్ణుంచి ఖూమేయ్ పాడేదాకా ఓ పదేళ్ళు.

మొత్తం విద్యకీ ఖూమేయ్ అనే పేరు, అందులో ఒక రకానికి కూడా అదే పేరు, కొంచెం గందరగోళమే. సిగిత్ అంటే పైస్థాయిలో ఈల వేసినట్టుండేది. కర్గిరా అంటే పాతాళంలోంచి వచ్చే గురగుర, అసలు స్వరతంత్రుల పైనున్న ఇంకో జత మడతలు కూడా అదిరి ఒక స్థాయి కిందకి పోతుంది. ఇవికాక గుర్రం మీద పోతుంటే రికాబు మీద కాలు అదిరే లయలో పాడేది ఎజెంగిలేర్, సెలయేరు గులకరాళ్ళ మీద దొర్లినట్టు పాడేది బొర్బన్నాదిర్. ఇందులో నాకు భలే నచ్చేదొకటుంది. ఇందాకటి రెట్టింపు, మూడింతల వరసలో ఎనిమిదోది స అనుకుంటే తొమ్మిదోది రి, పదోది గ, పన్నెండోది ప. పదకొండోది మన రెండు మధ్యమాలకీ మధ్యన ఎటూకానిచోట పడుతుంది, ఏడోది కైశికి నిషాదం కన్నా కాస్త కింద పడుతుంది. తువా పాటగాళ్ళు ఈ ఏడునీ పదకొండునీ వదిలేస్తారు. వదిలేస్తే మిగిలేది చూడండి, స రి గ ప. మోహన రాగం వాసన రాదూ! వాళ్ళు మన దగ్గర నేర్చుకున్నారని అనడంలేదు, దయచేసి ఇంటికెళ్ళి వాట్సాప్‌లో అలా పెట్టకండి, శబ్దం ఎక్కడైనా శబ్దమే అంటున్నాను.

అయితే చాలామంది ఇక్కడే ఆగిపోతారండి. గొంతు గమ్మత్తు, రెండు స్వరాలు ఒకేసారి, వీడియో చూసి వావ్ అని కామెంటు పెట్టి వెళ్ళిపోవడం. ఇంకొందరు దీన్ని ధ్యానం వైబ్రేషన్లని అమ్ముకుంటున్నారు, కళ్ళు మూసుకోండి మీ చక్రాలు తెరుచుకుంటాయి అంటూ. నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఇది సగం మనుషుల కోసం పాడేదే కాదు. ఏటి ఒడ్డున ఏటికి పాడతారు, కొండ కింద నిలబడి కొండకి పాడతారు. వాళ్ళ నమ్మకంలో ప్రతి చోటికీ ఒక యజమాని ఉంటాడు, ఆ మాటని ఏ అంటారు, ఎవరి సొత్తో వాళ్ళని. నీటికి ఉంటాడు, కనుమకి ఉంటాడు, అడవికి ఉంటాడు. అక్కణ్ణుంచి పోయేటప్పుడు పలకరించకుండా పోతే మర్యాద కాదు. మన ఊళ్ళ పొలిమేరల్లో పోలేరమ్మ గుడి దగ్గర బండి స్లో చేసి దండం పెట్టుకుంటాం చూడండి, హారన్ కొట్టి పోయే లారీ డ్రైవర్లు కూడా ఉన్నారు, అదే అనుకోండి. వాళ్ళు కనుమ దగ్గర రాళ్ళు గుట్టగా పేరుస్తారు, ఓవా అంటారు, పోయేవాడు ఇంకో రాయి వేసి పోతాడు. చెట్లకి, ఊటల దగ్గర గుడ్డపేలికలు కడతారు.

ఇప్పుడు ఇందాకటి నిశ్శబ్దం గుర్తు తెచ్చుకోండి. పశువుల్ని కాసుకుంటూ రోజంతా గుర్రం మీద ఒక్కడే ఉన్నవాడికి వినడానికేం ఉంటుంది, గాలి, నీళ్ళు, పిట్టలు, కొండ తిరిగి పలికేది. అది వినీ వినీ దానికి జవాబు చెప్పడమే ఈ పాట. నేను చదివినదాంట్లోనూ విన్నదాంట్లోనూ తువా గురించి నాకు అర్థమైంది ఇది ఒక్కటే, మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

పశువులతో కూడా అంతే, మాట్లాడతారు. వాళ్ళది పశువుల బతుకు, గొర్రెలు, మేకలు, ఆవులు, గుర్రాలు, ఒంటెలు. పడమర మొంగున్-తైగా వైపు ఎత్తు కొండల్లో జడల బర్రెలు, ఈశాన్యాన తోజు అడవుల్లో రెయిన్‌డీర్లు, వాటి పాలు పితుకుతారు, ఎక్కి తిరుగుతారు. ఒక్కో జంతువుని పిలవడానికి ఒక్కో కూత ఉంది. ఈనిన గొర్రె ఒక్కోసారి పిల్లని దగ్గరికి రానివ్వదు, తంతుంది. అప్పుడు ఆ ఇంటామె పక్కన కూర్చుని, పిల్లని పొదుగు దగ్గర పెట్టి, ఒక్కటే మెత్తటి పాట మళ్ళీమళ్ళీ పాడుతుంది, తల్లి కరిగి పాలిచ్చేదాకా. గొర్రెకొక పాట, మేకకొక పాట, ఆవుకొక పాట. మన దగ్గర పాలు చేపడానికి గేదెని నిమురుతూ ఏదో అంటుంటాం చూడండి, అది ఇంకాస్త ముదిరి పాటైంది.

ఉండేది గుడారం లాంటి గుండ్రటి ఇల్లు, వాళ్ళు ఓగ్ అంటారు. కర్రల జాలీ గోడ, ఆ పైన వాసాలు, నెత్తిన పొగ పోయే చట్రం, దాన్ని హరాచా అంటారు, మొత్తం మీద ఉన్ని నమదా. గొర్రె ఉన్నిని కొట్టి, పరిచి, నీళ్ళు చల్లి, చుట్టచుట్టి, ఆ చుట్టని గుర్రానికి కట్టి మైదానంలో లాక్కుంటూ తిప్పుతారు, అలా బిగుస్తుంది నమదా. ఇల్లంతా రెండు గంటల్లో విప్పి బండికెత్తెయ్యొచ్చు. ఏడాదికి నాలుగు మకాములు. చలికాలం మకాము కిష్తాగ్, గాలి తగలని కొండ మడతలో. ఎండాకాలం మకాము చయ్‌లాగ్, గడ్డీ నీళ్ళూ ఉన్నచోట. ఊరికే దేశదిమ్మరులు అనుకునేరు, ఏ కుటుంబానికి ఏ మకాములో తెలుసు, తాతల నాటివి, మళ్ళీ అక్కడికే వస్తారు. లోపల గుమ్మానికి ఎదురుగా ఉండే చోటు దోర్, పెద్దలకీ అతిథులకీ. గుమ్మంలోంచి వస్తుంటే కుడి పక్క ఆడవాళ్ళది, వంట సామాను అక్కడ. ఎడమ పక్క మగవాళ్ళది, జీనులూ కళ్ళాలూ అక్కడ. నడుమ పొయ్యి. పొయ్యిలో చెత్త వెయ్యకూడదు, కాలు చాపకూడదు, ఇది మీకు నేను చెప్పక్కర్లేదు.

పొద్దున్నే ఇంటామె టీ పెడుతుంది. పాల టీ, ఉప్పేసి. (అబ్బా అన్నారెవరో.) అబ్బా అనకండి, అక్కడి చలికి పంచదార టీ పనికిరాదు. అందులో మొదటి చుక్కలు ఇంట్లోవాళ్ళకి కాదు. తొస్-కరక్ అని ఒక చెక్క గరిటె ఉంటుంది, తొమ్మిది కళ్ళు అని అర్థం, దాని చివర నిజంగానే తొమ్మిది చిన్న గుంటలు చెక్కుంటాయి. ఆ గరిటెతో ముంచి బయటికొచ్చి ఆకాశానికి, కొండలకి, ఏళ్ళకి చల్లుతుంది, ఆశీర్వాదం పలుకుతూ. ఆ తర్వాతే ఎవరైనా తాగేది. మా నాయనమ్మ మొదటి ముద్ద కాకికి పెట్టకుండా తినేది కాదు, నేను ఈ గరిటె గురించి చదివినప్పుడు ఆవిడే కళ్ళ ముందుకొచ్చింది.

తిండి అంటే ఎక్కువ పాలే, తెల్ల తిండి అంటారు దాన్ని. ఎండబెట్టిన జున్ను ఉండలు, అదిమిన జున్ను, మీగడ. వేయించి దంచిన బార్లీపిండి టీలో కలుపుకుంటారు. పులిసిన పాలు కాచి సారా కూడా తీస్తారు, అరగా అని, కింద బాన, పైన చెక్క గొట్టం, దాని నెత్తిన చన్నీళ్ళ గిన్నె, ఆవిరి చల్లబడి చుక్కచుక్క జారుతుంది, నాటుసారా బట్టీ చూసినవాళ్ళకి, చూసే ఉంటారు, మొహమాటపడకండి, పద్ధతి ఒకటే. గొర్రెని కోసేటప్పుడు గొంతు కొయ్యరు. రొమ్ము దగ్గర చిన్న గాటు పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చి గుండె దగ్గరి రక్తనాళం తెంపుతారు. క్షణంలో పోతుంది. రక్తం ఒక్క బొట్టు నేల మీద పడకూడదు, నేలకి ఎంగిలి. ఆ రక్తంతోనే పేగుల్లో నింపి వండుకుంటారు, ఏదీ పారెయ్యరు. కొవ్వు పట్టిన తోక భాగం గౌరవంగా అతిథికి పెడతారు, వద్దనకూడదు. శాకాహారులు తువా వెళ్ళాలంటే ముందే ఆలోచించుకోండి.

పిల్లలకి మూడో ఏట మొదటిసారి జుట్టు తీస్తారు, చుట్టాలందరూ వచ్చి తలొక పాయ కత్తిరించి గొర్రెపిల్లనో దూడనో బహుమానమిస్తారు, ఆ పిల్లకి ఆస్తి అక్కణ్ణుంచే మొదలు. మన పుట్టువెంట్రుకలకి మేనమామలు ఇలా దూడలిస్తే ఎంత బాగుండేదో. పేర్లు కూడా సరదా. ఇంటిపేరు ముందు రాస్తారు మనలాగే, అవి చాలామటుకు పాత తెగల పేర్లు, మొంగుష్, ఒందార్, కూలార్, ఊర్జాక్. మగపిల్లల పేర్ల చివర ఊల్ అని వస్తుంది, అంటే అబ్బాయి. మనకి బుల్లబ్బాయి, చినబ్బాయి లేరూ?

భాష మాటొచ్చింది కాబట్టి. హారిసన్ అని ఒక అమెరికన్ భాషావేత్త అక్కడ కాపరుల ఇళ్ళల్లో ఉండి రాశాడు, తువా భాషలో వెళ్తున్నా అని ఊరికే చెప్పడం కుదరదట, దగ్గర్లో ఏరు ఎటు పారుతోందో తెలిసుండాలి, ఎగువకి వెళ్తున్నానా దిగువకి వెళ్తున్నానా అని మాటే వేరు. మన లంకల్లో జనానికి ఇది వింతగా ఉండదు. ఇంకోటి, వాళ్ళకి గడిచిపోయింది ముందు ఉంటుంది, రాబోయేది వెనక ఉంటుంది. జరిగింది కనపడుతుంది కాబట్టి కళ్ళ ముందు, జరగనిది కనపడదు కాబట్టి వీపు వెనక. ఇది చదివి నేను భలే వింత అనుకుని, తర్వాత నా భాషే చూసుకున్నా. ఇంతకు ముందు అంటాం, ఇక ముందు అంటాం, మొదటిది గడిచింది, రెండోది రాబోయేది! వెనకటి రోజుల్లో అని కూడా అంటాం. వాళ్ళు ఒక పక్క తేల్చుకున్నారు, మనం ఇంకా తేల్చుకోలేదు.

మనకీ వాళ్ళకీ అసలు సంబంధం ఉందా అని అడుగుతారు కదా, ఉంది, బౌద్ధం వల్ల ఉంది. టిబెట్ నుంచి మంగోలియా మీదుగా పోయిన గెలుగ్ అనే శాఖ బౌద్ధం వాళ్ళది, ఆ చదువులో నాగార్జునుడు లేకుండా పూట గడవదు, ఆ నాగార్జునుడు మన కృష్ణ ఒడ్డు మనిషి అని మనం చెప్పుకుంటాం. ఇప్పుడు కూడా తువా కుర్రాళ్ళు కర్ణాటకలో ముండగోడు టిబెటన్ మఠానికొచ్చి ఏళ్ళ తరబడి చదువుకుంటారు. మాటలు కూడా వెళ్ళాయి. మన రత్నం మధ్య ఆసియా అంతా తిరిగి అక్కడికెళ్ళి ఎర్తినే అయింది. నాకు మరీ ఇష్టమైంది అర్జాన్. కొండల్లో రోగాలు తగ్గించే ఊటల్ని అర్జాన్ అంటారు, ఎండాకాలం కుటుంబాలు వెళ్ళి అక్కడే మకాం పెడతారు. ఆ అర్జాన్ ఎవరో కాదు, మన సంస్కృతం రసాయనం. మంగోలు నోటిలో అర్షాన్ అయి, తువాలో అర్జాన్ అయింది. మనమేమో రసాయనం అంటే పొలంలో కొట్టే మందు అనుకుంటున్నాం.

ఆ పేరుతోనే ఒక ఊరుంది, ఉయుక్ లోయలో. అక్కడ పాత సమాధి దిబ్బలు, శకుల నాటివి. 2001లో తవ్వడం మొదలుపెట్టిన ఒక దిబ్బలో రాజూ రాణీ పక్కపక్కన, దొంగలు ముట్టుకోకుండా ఉన్నారు, క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దం. ఇరవై కిలోల బంగారం, చిన్నచిన్న చిరుతపులి బొమ్మలు వేల కొద్దీ. ఇప్పుడు కిజిల్ మ్యూజియంలో ఉన్నాయి. బంగారం గురించి ఎక్కువ చెప్పను, అందరూ అదే చెబుతారు.

ఇంతవరకూ బాగానే ఉంది కానీ, ఇదంతా అలాగే తరతరాలుగా చెక్కుచెదరకుండా వచ్చిందనుకోకండి. మధ్యలో తెగిందండి. తువా స్వతంత్రంగా ఉన్న మొదట్లో దొందుక్ కూలార్ అని ప్రధానమంత్రి ఉండేవాడు, లామాగా, అంటే బౌద్ధ సన్యాసిగా చదువుకున్నవాడు, బౌద్ధం రాజ్యమతం కావాలన్నాడు, మంగోలియాకి దగ్గరవుదామన్నాడు. మాస్కోకి నచ్చలేదు. మాస్కోలో చదివొచ్చిన కుర్రాళ్ళు పైకొచ్చారు, దొందుక్‌ని 1932లో చంపేశారు. ఆ కుర్రాళ్ళలో సల్చాక్ తోకా అనే ఆయన 1932 నుంచి 1973లో తను చచ్చిపోయేదాకా అధికారంలో ఉన్నాడు. 1930ల్లో మఠాలు కూలగొట్టారు, లామాల్ని, భూతవైద్యుల్ని పట్టుకెళ్ళారు. భూతవైద్యుడంటే మళ్ళీ మీరు సినిమా మాంత్రికుణ్ణి ఊహిస్తారు, కాదు, ఖామ్ అంటారు, షామన్, డప్పు కొడుతూ ఆ చోటు యజమానులతో మాట్లాడేవాడు, మగా ఉంటారు ఆడా ఉంటారు, మన గణాచారి లాగా అనుకోండి కొంతవరకు. డప్పులు కాల్చారు. చదన్ అనే ఊరి దగ్గర ఉస్తూ-ఖురే అని పెద్ద మఠం, 1907లో కట్టడం పూర్తయింది, 1937లో నాశనం చేశారు, మట్టిగోడలు మొండిగా మిగిలాయి. 1944 తర్వాత మందల్ని సామూహిక క్షేత్రాల్లో కలిపేశారు, మకాములు పోయి ఊళ్ళు కట్టారు. వాళ్ళ కొత్త సంవత్సరం షగా, చాంద్రమానం మన ఉగాదిలాగే, కాకపోతే ఫిబ్రవరి ప్రాంతంలో వస్తుంది, అది చేసుకోడం కూడా మానిపించారు. ఖూమేయ్‌ని మాత్రం స్టేజీ మీద ఉంచారు, జానపద కళ అని. చోటు తీసేసి పాట ఉంచారన్నమాట. ఆసుపత్రులొచ్చాయి, బళ్ళొచ్చాయి, 1930లో లిపి వచ్చింది, అవీ నిజమే, అవి చెప్పకపోతే అన్యాయం.

ఈ కాలంలోనే మొంగుష్ కెనిన్-లొప్సాన్ అని ఒకాయన, 1925లో పుట్టాడు, కిజిల్ మ్యూజియంలో ఉద్యోగం చేస్తూ షామన్ల మంత్రాలు, పాటలు, కథలు రాసి దాచుకుంటూ పోయాడు. అప్పట్లో అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. 1990ల్లో తలుపులు తెరుచుకున్నాక మిగిలిన షామన్లని ఒకచోట చేర్చి సంఘం పెట్టాడు, పేరు దుంగుర్, అంటే డప్పు. తొంభై దాటి బతికి 2022లో పోయాడు. 1992లో దలైలామా కిజిల్ వచ్చాడు. ఉస్తూ-ఖురేని 2012లో మళ్ళీ కట్టారు. షగా తిరిగొచ్చింది, తెల్లారుజామున కొండ మీద మంట వేసి, అర్తిష్ ఆకు, అంటే అక్కడి సాంబ్రాణి అనుకోండి, దానితోపాటు తెల్ల తిండి వేసి పొగ పెడతారు. ఆ రోజు చిన్నవాళ్ళు రెండు చేతులూ చాచి పెద్దవాళ్ళ మోచేతుల కింద పెడతారు, పెద్దవాళ్ళ చేతులు పైన ఉంటాయి, నీకు ఆసరాగా ఉంటాను అన్నట్టు. కాళ్ళకి దండం పెట్టడం మనకి అలవాటే కానీ ఇది కూడా బాగుంది.

అన్నీ పాతవే తిరిగొచ్చాయనీ కాదు. ఆడవాళ్ళు ఖూమేయ్ పాడకూడదనేవాళ్ళు, పిల్లలు పుట్టరని, ఇంటికి అరిష్టమని. చొదురా తుమత్ అనే ఆవిడ 1998లో తివా కిజీ అని ఆడవాళ్ళ బృందం పెట్టింది, తువా కూతుళ్ళు అని అర్థం. తిట్టినవాళ్ళు తిట్టారు, ఆవిడ పాడుతూనే ఉంది. మన దగ్గర ఆడవాళ్ళు మృదంగం పట్టుకున్నప్పుడు ఎన్ని మాటలన్నారో పంతులమ్మగారిని అడగండి.

ఒక్క కథ చెప్పి ఆపేస్తాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో పాల్ పీనా అని బ్లూస్ పాటగాడు, కళ్ళు లేవు. 1984లో షార్ట్‌వేవ్ రేడియో తిప్పుతుంటే, కొరియన్ పాఠాల కోసం వెతుకుతున్నాడట, రేడియో మాస్కోలో ఈ గొంతు వినపడింది. ఏంటో తెలీదు, ఎక్కడిదో తెలీదు. ఏళ్ళ తరబడి వెతికి రికార్డు సంపాదించి, వింటూ తనంతట తనే కర్గిరా నేర్చుకున్నాడు. తువా నుంచి ఇంగ్లీషుకి డిక్షనరీ లేదు, తువా నుంచి రష్యన్‌కి ఒకటి, రష్యన్ నుంచి ఇంగ్లీషుకి ఒకటి, అక్షరాల్ని వేలికి తెలిసేలా చేసే మిషను పెట్టుకుని ఒక్కొక్క మాటా వెతుక్కున్నాడు. తువా నుంచి కొంగర్-ఊల్ ఒందార్ అనే గొప్ప గాయకుడు అమెరికా వస్తే హాలు బయట నిలబడి ఆయన ముందు పాడాడు. ఒందార్ పిలిచాడు. 1995లో పీనా కిజిల్ పోటీలో కర్గిరా విభాగంలో గెలిచాడు. అక్కడి జనం ఆయనకి చెర్ షిమ్‌జేర్ అని పేరు పెట్టారు, భూకంపం అని. ఫైన్‌మన్ వెళ్ళలేనిచోటికి కళ్ళులేనాయన చెవి పట్టుకుని వెళ్ళొచ్చాడు.

ప్రశ్నలుంటే అడగండి.

(గొంతు పాడవదా మాస్టారూ?)

తప్పుగా చేస్తే పాడవుతుంది. నేను కర్గిరా అని వారం రోజులు బాత్రూంలో ట్రై చేశాను, మా ఆవిడ మోటారు కాలిపోతోందని ఎలక్ట్రీషియన్‌ని పిలిచింది. (నవ్వులు) అక్కడ పిల్లలు చిన్నప్పటినుంచి వింటూ నేర్చుకుంటారు, మనం దగ్గు వస్తే ఆపెయ్యాలి.

(వాయిద్యాలు ఉంటాయాండి?)

ఉంటాయి. ఇగిల్ అని రెండు తీగల వాయిద్యం, తీగలూ కమానూ గుర్రం వెంట్రుకలే, నెత్తిన గుర్రం తల చెక్కి ఉంటుంది. కథేంటంటే, ఒక అనాథ కుర్రాడి గుర్రాన్ని డబ్బున్నవాడు ఓర్వలేక చంపేస్తాడు, గుర్రం కలలోకొచ్చి నా తలా తోకా పెట్టి వాయిద్యం చేసుకో అంటుంది. అది వాయిస్తే గుర్రం సకిలించినట్టే ఉంటుంది. ఇంకా ఖొముస్ ఉంది, అది మన మోర్సింగే, పళ్ళ మధ్య పెట్టుకుని మీటేది. మనవాళ్ళు దానితో జతులు పలికిస్తారు, వాళ్ళు మాటలు పలికిస్తారు, పక్కవాళ్ళకి అర్థంకాకుండా ప్రేమించినవాళ్ళతో మాట్లాడుకోడానికి కూడా పనికొచ్చేదట.

(ఇప్పుడు కూడా గుడారాల్లోనే ఉంటారా?)

కొందరు. కిజిల్లో ఫ్లాట్లున్నాయి, సెల్‌ఫోన్లున్నాయి, నిరుద్యోగం ఉంది, తాగుడు ఉంది. చయ్‌లాగ్‌కి మోటారు సైకిల్ మీద వెళ్ళేవాళ్ళూ ఉన్నారు, ఓగ్ మీద సోలార్ ప్లేటు ఉంటుంది. ఆగస్టులో నాదిమ్ పండగకి మాత్రం అందరూ వస్తారు, గుర్రప్పందాలకి చిన్నపిల్లలు ఎక్కుతారు, కుస్తీలో గెలిచినవాడు చేతులు చాపి గద్దలాగా ఆడతాడు.

సరే, ఇంత మాట్లాడి వినిపించకపోతే బాగోదు. ఇది హున్-హుర్-తు అనే బృందం పాడింది. హున్-హుర్-తు అంటే పొద్దున, సాయంత్రం మైదానం మీద ఎండ చారలు చారలుగా విడిపోయి కనపడుతుంది చూడండి, అది. అదుగో ఆ పైన ఫ్యాను ఒకసారి ఆపండి బాబూ, దాని శ్రుతి వేరే ఉంది. కిటికీ మాత్రం తెరిచే ఉంచండి.

(రికార్డింగు మొదలైంది.)